రేపటి బోణీ

మా వీధిలో ప్రతి చిన్న కొట్టుకీ ఇప్పుడు లెక్కపెట్టె ఉంది. రేపు ఎవరెవరొస్తారో, ఎంత అమ్ముడవుతుందో సాయంత్రమే చెప్పేస్తుంది. ఇంతవరకూ తప్పు చెప్పలేదు. నేను ఎనిమిదితో చదువాపేసినదాన్ని, అది చెప్పినంతే ఇడ్లీపిండి రుబ్బుకుంటాను.

బోణీ మాత్రం రోజూ నా కూతురు లాస్యదే. వాయి దించగానే రూపాయి నా చేతిలో పెట్టి మొదటి ఇడ్లీ తీసుకుంటుంది. పెట్టె దాన్ని కూడా గిరాకీ కిందే రాసుకుంటుంది.

ఇవాళ పెట్టె అంది: "రేపటి బోణీ బయటివాళ్ళది. రోజూ వచ్చే పాప రాదు. ఇక మీదట కూడా రాదు."

"ఎందుకు రాదు?" అన్నాను.

"కారణాలు నాకు తెలియవు. ఒక ఇడ్లీకి పిండి తగ్గించుకోండి."

లాస్య అరుగు మీద ఆడుకుంటోంది. ఒళ్ళు తాకి చూశాను, జ్వరం లేదు. దాన్ని చంకనేసుకుని, పక్క కొట్లో పూలమ్మే సూరీడమ్మ పిన్ని దగ్గరికి పరిగెత్తి సంగతంతా చెప్పాను.

"పిచ్చి మొహమా, పెట్టె మాటకి ఏడుస్తావటే," అని నవ్వింది పిన్ని.

"నీ పెట్టె ఏం చెప్పింది పిన్నీ, రేపటికి?"

పిన్ని నవ్వు ఆగిపోయింది. ఒళ్ళో కడుతున్న తెల్లచామంతి దండని గబుక్కున కొంగుతో కప్పేసింది. అప్పటికే చూసేశాను. ఆ దండ చిన్నపిల్ల మెడకి సరిపోయేంతే ఉంది.