మోగాలి, ఊడకూడదు

అలా కాదు తల్లీ, అది కొట్టెయ్. మోత పోగొట్టమని రాలేదాయన, మోత పెట్టమని వచ్చాడు. మొదటి నుంచి చెప్తా, రాసుకో.

ఒక కార్ల షెడ్డులో ఫిట్టర్ ఉన్నాడు. కార్లకి అదనపు హంగులు బిగించడం అతని పని. ఏ కారు ఎక్కడ కిర్రుమన్నా, ఎక్కడ గలగలలాడినా చెవి ఆనించి పట్టేస్తాడు. అందుకే అందరూ అతన్ని మోతల డాక్టరు అంటారు. అతను బిగించిన ముక్క మోగిందన్న మాట ముప్పై ఏళ్ళలో ఒక్కరి నోటా రాలేదు.

ఒకరోజు పొద్దున్నే, ఇందాక అన్నానే, ఆయన ఎలక్ట్రిక్ కారు తీసుకొచ్చాడు. కారు వచ్చి పక్కన ఆగేదాకా ఫిట్టర్‌కి తెలియనే లేదు. ఉలిక్కిపడి, పిల్లిలా వచ్చారేంటి సార్ అన్నాడు. ఆయన నవ్వలేదు. వెనక సీటులోంచి పొడుగాటి అట్టపెట్టె ఒకటి దించాడు. అందులో కార్బన్ ఫైబర్ స్పాయిలర్ ఉంది. డిక్కీ మూత అంచున రెక్కలా నిలబెడతారే, అది. నల్లగా, చాప అల్లినట్టు గళ్ళుగళ్ళుగా, ఎత్తితే పుల్లంత తేలిగ్గా ఉంది.

మనిషికి నలభై దాటాయి. గడ్డం మాసింది. చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఒకటి పెట్టుకున్నాడు. ఈ వయసులో ఈ సోకేమిటో అనుకున్నాడు ఫిట్టర్.

"ఇది కుదిరితేనే మా ఆవిడ ఇంటికి తిరిగొస్తుందండీ" అన్నాడాయన.

ఆవిడ పుట్టింటికి వెళ్ళి నాలుగు నెలలైందట. ఫోను కూడా తీయదట. ఫిట్టర్ లోపల నవ్వుకున్నాడు. అలిగి పుట్టింటికి వెళ్ళిన పెళ్ళాం నగానట్రా అడగడం విన్నాడు గానీ, కారుకి రెక్క అడిగిన ఇల్లాలి సంగతి వినడం ఇదే మొదలు.

పని మొదలెట్టాడు. డిక్కీ మూతని స్పిరిట్‌తో తుడిచాడు. కాగితం టేపుతో గుర్తులు పెట్టాడు. స్పాయిలర్ని ముందు ఉత్తినే ఆనించి చూసుకున్నాడు. తర్వాత అడుగున రెండువైపులా అంటుకునే టేపు వేసి, మధ్య నుంచి కొసల దాకా అరచేత్తో నొక్కుకుంటూ వచ్చాడు. వెంట్రుక దూరే సందు లేదు.

ఆయన వీధి చివరిదాకా నడిపి తిరిగొచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది.

"ఇది మోగట్లేదండీ."

అందుకేగా సార్ నా దగ్గరికొస్తారు అన్నాడు ఫిట్టర్ గర్వంగా. కాదు, మోగాలన్నాడాయన. వాళ్ళ వీధిలో ఎవరి కారుకో ఇలాంటిదే వదులై కొట్టుకుంటుంటే మూడిళ్ళ అవతలికి వినపడిందట. అది విన్నాకే దీన్ని కొన్నాడట.

ఫిట్టర్‌కి తిక్క రేగింది. చప్పుడే కావాలంటే హారన్ కొట్టుకోమన్నాడు.

"హారన్ మనిషి నొక్కితేనే మోగుతుంది మేస్త్రీ. ఏదో హడావుడిలో నొక్కలేదనుకోండి, అప్పుడో?"

అయితే దీన్ని అమ్మేసి పెట్రోలు కారు కొనుక్కోండి, ఊరంతా వినపడుతుంది అన్నాడు ఫిట్టర్. ఆయనా అమ్మేద్దామనే అన్నాడట. ఈ కారుని ఇంకో ఇంటికి పంపడానికి వీల్లేదని ఆవిడ వెళ్ళేముందే కచ్చితంగా చెప్పిందట.

"అంత ప్రేమా ఆవిడకి కారంటే?" అని ఎకసెక్కంగా అడిగాడు ఫిట్టర్.

ఆయన గుండీలు విప్పి సరిగ్గా పెట్టుకోబోయి, మళ్ళీ తప్పే పెట్టుకున్నాడు.

ఆ చేతులు చూశాక ఫిట్టర్ ఇంకేం అనలేకపోయాడు. గట్టిగా అంటుకున్న ముక్కని నైలాను దారంతో కోసి ఊడదీశాడు. ఈసారి మధ్యలో రెండు బోల్టులు వేశాడు, ఎన్ని గతుకులు పడ్డా ఊడకుండా. ఎడమ కొసకి మాత్రం టేపు వేయలేదు. దాని కింద ఒక ఇనప వాషరు వదులుగా వేలాడదీశాడు. కారు ఏమాత్రం కదిలినా అది డిక్కీ రేకుకి తగిలి టకటకమంటుంది. ఆ పని చేస్తున్నంతసేపూ అతనికి దొంగతనం చేస్తున్నట్టే ఉంది. పక్క షెడ్డు పెయింటర్ తొంగిచూసి, డాక్టరే రోగం అంటిస్తున్నాడేంట్రా అని నవ్వాడు.

ముందుకి నడిపి చూపించాడు. మోగింది.

"వెనక్కి" అన్నాడాయన. "మెల్లగా. బాగా మెల్లగా."

అని, ఆయనే వెళ్ళి కారుకి పదడుగుల వెనకగా, వీపు ఇటు తిప్పి, నేల మీద గొంతుకూర్చున్నాడు. వంకరలేమైనా ఉంటే కిందనుంచి చూస్తే తెలుస్తాయి. వీపు తిప్పుకుని ఏం చూస్తాడో ఫిట్టర్‌కి అర్థం కాలేదు. కాలు బ్రేకు మీదే ఉంచి, భయంభయంగా వెనక్కి తీశాడు. రెండు జానలు కదిలిందో లేదో, ఆయన చటుక్కున లేచి పక్కకి జరిగాడు.

"వినపడింది" అన్నాడు. "వినపడింది మేస్త్రీ. లేవడానికి టైముంది."

ఆ మాట అని గోడకి తల ఆనించి, భుజాలు అదిరేలా ఏడ్చాడు. ఫిట్టర్ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, పక్కనే నిలబడ్డాడు. కాసేపటికి ఆయన ముఖం కడుక్కుని బయల్దేరాడు. టకటకలాడుతూ కారు మలుపు తిరిగింది. కనపడకుండా పోయాక కూడా ఆ మోత వినపడుతూనే ఉంది. అది ఆగేదాకా మోతల డాక్టరు రోడ్డు మీదే ఉన్నాడు.

తలుపు తీయకపోయినా సరే, గది బయట నిలబడే ఇది మీ పిన్నికి చదివి వినిపించు తల్లీ, ఆ సాయంత్రం మీ బాబాయి కారు వెనక్కి తీస్తున్నప్పుడు మన మూడేళ్ళ బుజ్జిదానికి వినపడకుండా పోయిన చప్పుడు ఇప్పుడు తనే చేయించుకుని ఇక్కడికి బయల్దేరాడని చెప్పు.