కప్పల వెట్టి

దొరసాని బాలింత. ఆమె నిద్ర చెడకుండా తిబో తెల్లవార్లూ కోట కందకంలో నీళ్లను కర్రతో బాదుతూ కప్పల నోరు మూయించాలి. గొప్పోళ్ల నిద్రకి లేనోడి నిద్రే కాపలా. ఆ వెట్టి చేసినవాడిదే కందకం పక్క పొలం ముక్క.

"ఒక్క కప్ప అరిచినా పొలం పోద్దిరా తిబో! నీ ముందోడు రెనోలాగా నీళ్లలో పడి చావకు," అని నవ్వి వెళ్లాడు పెత్తందారు.

నడిరేయికి తిబో చేతులు పడిపోయాయి. ఆగాడు. అయినా కప్పలు అరవలేదు. అవతలి గట్టున ఎవరో నీళ్లను బాదుతూనే ఉన్నారు.

"ఎవరన్నా అది?"

"రెనోనిరా. నువ్వింటికి పోయి పడుకో తమ్ముడూ. నా పొలానికి నేను కొట్టుకుంటాగా."

తిబో గబుక్కున కర్రెత్తి, ఉన్న సత్తువంతా పెట్టి నీళ్ల మీద కొట్టాడు.

చప్పుడు కాలేదు. కర్ర కింద నీళ్లలో తన ఒళ్లే బోర్లా తేలుతోంది.