పక్క సీటు

ఇంజను ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు చేతిలోని కాగితం మీద అడ్డగీత కొట్టాడు. లైసెన్సు పరీక్షలో ఆమె తప్పడం ఇది మూడోసారి.

గేటు పక్కన రేకుల షెడ్డు కింద కాచుకుని ఉన్న పెద్దాయన ఎదురొచ్చి కారు తలుపు తీశాడు.

"పోయిందా?"

"పోయింది మావయ్యా."

"పోనీలేమ్మా. లైసెన్సు ఎక్కడికి పారిపోతుంది? ఆదివారం నుంచి మళ్ళీ పట్టు పడదాం."

ఫ్లాస్కులోంచి కాఫీ వంపి ఇచ్చాడు. తనకంటే ఆయనే ఎక్కువ బాధపడుతున్నాడని, అది కనబడనీయకుండా ఇంత హుషారు పడుతున్నాడని ఆమెకు అనిపించింది.

మావయ్యా అని పిలవడం అలవాటు కొద్దీ. విడాకులై ఏడాది దాటింది. ఆయన కొడుకు మళ్ళీ పెళ్ళి కూడా చేసుకున్నాడు. పంపకాల్లో పాత కారు ఆమె పాలికి వచ్చింది గానీ, నడపడం మాత్రం రాలేదు. బస్సు డ్రైవరుగా రిటైరైన మావగారు ఒక ఆదివారం పొద్దున్నే వచ్చి తలుపు తట్టాడు. "ఉన్న బండిని తుప్పు పట్టిస్తావా ఏంటి? తాళాలు తీసుకురా, నేను నేర్పుతా" అన్నాడు. కొడుకు తెంచుకున్న చుట్టరికాన్ని తండ్రి తెంచుకోలేకపోయాడు.

నేర్చుకునేవాళ్ళు ఒంటరిగా బండి నడపకూడదు. పక్క సీట్లో లైసెన్సున్న మనిషి కూర్చుని తీరాలి. చట్టం అది. ఆ చట్టం రాసిన మహానుభావుడెవరో గానీ, ఆమె ఆయనకి మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

ఆమెది పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడు పళ్ళకి అచ్చులు తీసే ఉద్యోగం. రోజంతా ఎదురుగా నోళ్ళు తెరిచేవాళ్ళే, మాట్లాడేవాళ్ళు ఒక్కరూ లేరు. సాయంత్రం గదికొస్తే నాలుగు గోడలు. ఆమె గొంతు ఆమెకి వినబడేది ఒక్క ఆదివారమే.

పక్క సీట్లో కూర్చున్నాక మావయ్య నోటికి బ్రేకు ఉండేది కాదు. క్లచ్ గురించి ఒక పాఠం, గేరు గురించి రెండు జోకులు. ఆమె అద్దం వైపు చూడబోతే మాత్రం ఆపేసేవాడు.

"అటూ ఇటూ చూస్తే కంగారు పడతావు. వెనక సంగతి నేను చూసుకుంటాగా. నువ్వు ముందుకు చూడమ్మా."

అది విన్నప్పుడల్లా ఆమెకు కళ్ళు చెమర్చేవి. వెనక సంగతి నేను చూసుకుంటా అనే మనిషి ఆమెకు ఇంకెవరున్నారు?

ఓసారి ఉండబట్టలేక అడిగింది. "ఇలా వస్తున్నందుకు ఇంట్లో ఏమీ అనరా మావయ్యా?"

"అనాలంటే ముందు నాతో మాట్లాడాలి కదే!" అని పెద్దగా నవ్వేశాడు. ఆమె కూడా నవ్వింది.

ఇక దాచడమెందుకు? ఆమెకు డ్రైవింగ్ ఎప్పుడో వచ్చేసింది. మూడుసార్లూ ఇంజను దానంతట అది ఆగలేదు, ఆమే ఆపింది. బయల్దేరిన చోటే క్లచ్ ఠక్కున వదిలేస్తే సరి, పరీక్ష అక్కడితో సమాప్తం. లైసెన్సు చేతికొచ్చిన రోజున పక్క సీటు ఖాళీ అయిపోతుంది. ఆ తర్వాత ఆయన్ని ఏ వరసన రమ్మంటుంది?

కానీ ఆ మూడో పరీక్ష తర్వాతి ఆదివారం ఆమె కిటికీలోంచి చూసింది. మావయ్య బస్సు దిగి, స్టాపులో బల్ల మీద కూలబడి, మోకాలు రెండు చేతులా పట్టుకుని చాలాసేపు ఉండిపోయాడు. తర్వాత లేచి, చొక్కా సర్దుకుని, ఏమీ ఎరగనట్టు ఈల వేసుకుంటూ మెట్లెక్కాడు. ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది. తన ఒంటరితనం కోసం ఆ ముసలాయన్ని ఇంకెన్నాళ్ళు తిప్పుకుంటుంది?

నాలుగోసారి పాసై తీరాలని నిశ్చయించుకుంది.

ఈసారి ఇన్‌స్పెక్టరు కొత్తాయన. పక్కన కూర్చుని "కానివ్వండి" అన్నాడు. బండి వెన్నలా కదిలింది. ఎత్తు మీద ఆపమంటే ఆపింది, వెనక్కి జారకుండా ఎక్కించింది. రబ్బరు కోన్‌ల మధ్య ఒక్కదానికీ తగలకుండా మెలికలు తిప్పింది. మావయ్య నేర్పింది నేర్పినట్టు, పొల్లు పోకుండా చేసింది.

గీత దగ్గర ఆపి తాళం తిప్పింది. గెలిచానన్న సంతోషం ఏ కోశానా లేదు. రాబోయే ఆదివారమే గుర్తొచ్చింది.

ఇన్‌స్పెక్టరు అడ్డగీత కొట్టాడు.

ఆమె తెల్లబోయింది. "ఏం తప్పు చేశానండీ?"

"స్టీరింగ్ మీద చెయ్యి బ్రహ్మాండంగా తిరిగిందమ్మా. కానీ ఇన్నిసార్లు ఆపి కదిపారు, ఒక్కసారైనా అద్దంలో చూశారా? వెనక ఎవరొస్తున్నారో చూడకుండా కదిపితే ప్రాణాలు పోవూ? అసలు మీకు నేర్పింది ఎవరు?"

ఆమె షెడ్డు వైపు చెయ్యి చూపించింది. అక్కడ మావయ్య ఫ్లాస్కు గుండెలకు హత్తుకుని, మెడ సాచి ఇటే చూస్తున్నాడు.

ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"ఆయనా?" అన్నాడు. "నేను బస్సు నేర్చుకోవడానికి వెళ్తే, అద్దం చూడకుండా కదిపానని, డిపోలో మొదటిరోజే నా వేళ్ళు వాచేలా కొట్టిన మా గురువుగారండీ ఆయన!"