పక్క సీటు ఖాళీ

దుర్గ ఇలా కూర్చుందో లేదో, పక్క సీట్లోని పెద్దాయన అలా లేచి నిలబడ్డాడు.

నెల్లూరులో చేపలమ్ముకుని, ఖాళీ గంపతో ముత్తుకూరు బస్సెక్కింది దుర్గ. పెళ్లయిన ఆరేళ్లకు నిలిచిన కడుపు. ఇప్పుడు ఏడో నెల. బస్సులో మిగిలింది ఆ ఒక్క సీటే.

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఏం సామీ, చేపల కంపా?"

"అది కాదు తల్లీ, నాకు..."

"ఇంకేంది? పులుసైతే గిన్నె ఊడ్చి తింటారు. మేం పక్కన కూర్చుంటే మాత్రం ముక్కు మూసుకుంటారు!"

బస్సంతా ఘొల్లున నవ్వింది.

పెద్దాయన తలొంచుకుని ముందుకు నడిచాడు. అక్కడో తల్లి చంటిబిడ్డను ఒళ్లో వేసుకుని కూర్చుంది. వాళ్లను చూడగానే అక్కణ్ణించీ జరిగి, డోరు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

ఇదేం వింతబ్బా అనుకుంది దుర్గ. పాలు తాగే బిడ్డ దగ్గర చేపల వాసనేముంది?

సగం దారిలో ఇక ఉండబట్టలేక పిలిచింది.

"వచ్చి కూర్చో సామీ. చెమటలు కారిపోతా ఉండాయి."

"వద్దమ్మా. నువ్వు సుఖంగా కూర్చో."

ముత్తుకూరు దాకా ఆయన కూర్చోనే లేదు.

పది రోజుల తర్వాత అత్త నాగులమ్మకు గుండెలో నొప్పంటే, దుర్గే నెల్లూరు ఆసుపత్రికి తీసుకొచ్చింది. స్కాను గది గుమ్మంలోనే నర్సు అనూష ఆమెను ఆపేసింది.

"నువ్వు లోపలికి రాబాకక్కా. ఈ గుండె స్కానుకి వేసే సూదిమందులో రేడియేషన్ ఉంటుంది. ఇయ్యాళంతా మీ అత్త పక్కన కూర్చోబాక."

"కూర్చుంటే ఏమవతాది?"

"అంత భయపడాల్సిందేం లేదు. అయినా కడుపులో బిడ్డకీ, చంటిపిల్లలకీ ఎందుకొచ్చిన గొడవ? ఒకరోజు వాళ్లకి ఎడంగా ఉండమని స్కాను తీయించుకున్న అందరికీ చెప్తాం."

దుర్గకు డోరు దగ్గర నిలబడ్డ బస్సు పెద్దాయన కళ్లముందు మెదిలాడు. నలుగురిలో తను అన్న మాటలు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది.

"పది రోజుల కింద ముత్తుకూరు పెద్దాయనెవరన్నా ఈ స్కానుకి వచ్చినాడా? పొడుగ్గా, బక్కగా ఉంటాడు. యాడుంటాడో చెప్పమ్మా, పోయి కాళ్ల మీద పడతా."

"మాలకొండయ్య గారా?" అనూష ముఖం చిన్నబోయింది. "స్కాను తీసిన మర్నాడే పడిపోతే చెన్నైకి తీసుకుపోయినారక్కా. ఇంకా తెలివి రాలేదంట."

"ఆ రోజు ఇక్కణ్ణించి మా బస్సులోనే ఇంటికి వచ్చినాడు. దారి పొడుగునా నిలబడే ఉన్నాడు."

"నిలబడా!" అనూష నోరెళ్లబెట్టింది. "పది నిమిషాలు కూడా నిలబడబాకండి, మీ గుండె తట్టుకోదని డాక్టరు గారు నా ముందరే చెప్పి పంపించినారక్కా ఆయన్ని!"