ఎడమ తలుపు

పాత వంతెనను ఊడ్చుకెళ్ళిన వరద తర్వాతి ఏడు, వెల్డింగు మేస్త్రి మొదటిసారి భార్య మాట విన్నాడు.

ఆవిడ ఆ మాట ముప్పై ఏళ్ళుగా అంటూనే ఉంది.

"ఆ టాపు లేని డొక్కును అమ్మెయ్యండి. ఎండకు నీడ లేదు, వానకు చూరు లేదు. అది కారా, చక్రాలున్న చాటా?"

ఇన్నాళ్ళూ ఆయన ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు. ఆ ఏడు ఏం తోచిందో, రేకుముక్క మీద 'కారు అమ్మబడును' అని రాసి గేటుకు కట్టాడు.

ఆవిడ బోర్డు చదివింది. "బతికించారు," అంది. బఠానీల గిన్నె పట్టుకెళ్ళి, రోజూలాగే కారు ఎడమ సీట్లో కూర్చుని వలుచుకుంది. పెరట్లో గాలి తగిలేది అక్కడొక్కచోటేనని ఆవిడ వాదన.

వరద నీళ్ళు ఆ కారులో మూడు రోజులు నిలిచాయి. అడుగంతా తుప్పు తినేసింది. మేస్త్రి పాత అడుగు కోసి పారేసి కొత్త రేకు వేశాడు. తలుపుల కింద రెండు పక్కలా ఇనుప చానెళ్ళు అతికాడు. స్పానర్లు ఆవిడే అందించింది. నలభై ఏళ్ళుగా అందిస్తోంది. ఆయన చెయ్యి చాపితే చాలు, ఏ నంబరో అడగదు.

టాపు ఉన్న కారును పైనుంచి టాపు పట్టి ఉంచుతుంది. లేనిదానికి అడుగే దిక్కు. అడుగు గట్టిదో కాదో తెలియాలంటే బండిని ఒక మూల జాకీ మీద లేపి తలుపు తియ్యాలి. గట్టిదైతే తలుపు మామూలుగా వస్తుంది. మెత్తదైతే బండి మెలితిరిగి తలుపును పట్టేస్తుంది. పని అయిన రోజు మేస్త్రి అలాగే లేపి, రెండు తలుపులూ ఒక్క వేలితో తీశాడు.

బోర్డు కట్టిన వారానికి పళ్ళ డాక్టరొకడు వచ్చాడు. విషయం తెలిసినవాడే. ముందు జాకీ పెట్టించాడు. కుడి తలుపు వచ్చింది. ఎడమ తలుపు రాలేదు. రెండు చేతులతో లాగాడు. కాలు తన్నిపెట్టి లాగాడు.

"పన్నయితే ఈపాటికి వచ్చేసేదండీ," అని వెళ్ళిపోయాడు.

మేస్త్రికి ఆ పూట అన్నం సయించలేదు. ఊళ్ళో సగం గేట్లు ఆయన చేతివే. ఆయన అతుకుకు వంక పెట్టినవాడు అప్పటిదాకా లేడు. ఆయన సంపాదించిందల్లా ఆ పేరే.

"బండి పోలేదా?" అంది ఆవిడ.

"లేదు."

"మీ చేతిలో పడ్డది ఏది వదిలింది గనక," అని ఇంకో గరిటె వడ్డించింది.

మర్నాడు ఆయన కారు కింద దూరి, అడ్డంగా ఇంకో చానెల్ అతికాడు.

రెండోసారి డ్రైవింగు నేర్పే పంతులమ్మ వచ్చింది. మళ్ళీ ఎడమ తలుపే.

"మీ పేరు విని వచ్చాను మేస్త్రిగారూ," అంది. నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

వెల్డరుకు లోకంలో ఏ జబ్బుకైనా మందు ఒకటే. ఆయన ఇంజను ముందు ఓ కడ్డీ, సీట్ల వెనక ఓ కడ్డీ అతికాడు. బండి బరువెక్కింది. తలుపు మాత్రం దిగిరాలేదు.

మూడోసారి వచ్చినవాడు రిటైరైన బస్సు మెకానిక్కు. అరగంట సేపు కారు కింద పడుకుని చూసి, బట్టలు దులుపుకుంటూ లేచాడు.

"అన్నా, అడుగు కాదిది, వంతెన. దీని మీద రైలు పోనివ్వొచ్చు. మరి ఎడమ తలుపుకేం రోగం?"

"అదే తెలీదు."

"అతుకులో తేడా లేకపోతే... తలుపు మడతబందులు విప్పి చూశారా?"

"టీ చల్లారిపోతోంది తమ్ముడూ," అంది ఆవిడ. టీపొడి డబ్బా మూత ఎటుపోయిందో, డబ్బా మీద బోర్లించిన సాసరునే తీసుకొచ్చి అతని కప్పు కింద పెట్టింది.

అతను టీ తాగి లేచాడు.

"రేపు సాయంత్రం వస్తానన్నా. తలుపు వచ్చిందా, బండి నాది. రాలేదా, మీ చెయ్యి తిరగడం లేదనుకుంటా. నేననుకుంటే ఊరంతా అనుకున్నట్టే. నా నోటి సంగతి మీకు తెలుసుగా."

"తీసుకుపో బాబూ, పీడా వదుల్తుంది," అంది ఆవిడ.

జాకీ దించగానే ఎడమ తలుపు ఏమీ ఎరగనట్టు తెరుచుకుంది. ఆవిడ గిన్నెతో వెళ్ళి సీట్లో కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే, ఆవిడ పాలకు వెళ్ళినప్పుడు, మేస్త్రి ఎడమ తలుపు కింది బందు విప్పి, దాని వెనక, తలుపు వెంట్రుకవాసి పక్కకు జరిగేలా, నాలుగు మడతలు పెట్టి దోపిన టీపొడి డబ్బా మూతను కాసేపు చూసి, ఎలా ఉన్నదాన్ని అలాగే మళ్ళీ దోపి, ఆవిడ చేతి బలం చాలక బోల్టుకు వదిలేసిన పావు చుట్టు తానే బిగించాడు.