ఎవరికైనా తట్టేదే

“ఇందులో కొత్తగా కనిపెట్టిందేమీ లేదండి. ఈ రంగంలో పనిచేసే ఎవరికైనా తట్టేదే” అన్నాడు పేటెంటు ఆఫీసు పరీక్షాధికారి, రెండు పాత వ్యాసాలను అప్పీలు బెంచి ముందు పక్కపక్కన పెట్టి.

ఎదుటి బల్ల దగ్గర కూర్చున్న ఇంజనీరు తల దించుకుంది. సర్క్యూట్లు డిజైన్ చేసే ఆ సాఫ్ట్‌వేర్ ఆమెది. అంతకుముందు వచ్చినవన్నీ ముందు భాగాలను అమర్చి, తర్వాత వైర్లు గీసేవి. వైర్లు చిక్కుపడితే కథ మళ్లీ మొదటికి. ఆమెది అలా కాదు. వైర్ల రద్దీ ఎక్కడ వస్తుందో ముందే లెక్కగట్టి, దాన్నిబట్టి ఒక్కో భాగానికీ చోటు చూస్తుంది. భాగాలు అమర్చడం గురించి ఒక వ్యాసం, రద్దీ కొలవడం గురించి మరొకటి పదిహేనేళ్ల కిందటే ఉన్నాయనీ, రెండూ కలిపితే ఇదేననీ అధికారి దరఖాస్తు కొట్టేశాడు. అప్పీలు కూడా పోతే పెద్ద కంపెనీలు ఆ పద్ధతిని అప్పనంగా వాడుకుంటాయి. నలుగురితో నడుస్తున్న ఆమె ఆఫీసుకు తాళం పడుతుంది.

వకీలు స్వయానా ఆమె బాబాయి. పక్కకు వంగి గొణిగాడు. “అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు రాశావు కదమ్మా. అదే కొంప ముంచింది. కాస్త అర్థం కాకుండా రాసుంటే ఈపాటికి పేటెంటు వచ్చేసేది.”

ఆమెకు నవ్వు రాలేదు. చదివినవాళ్లకు ఇట్టే తెలియాలని వారాల తరబడి తిరగరాసిన వాక్యాలవి. అంత కష్టం ఎందుకు పడ్డానా అనిపించింది.

బాబాయి లేచి నిలబడ్డాడు. పొడుపుకథ విప్పాక ‘ఓస్, ఇంతేనా’ అనని వాళ్లుండరనీ, అంత తేలికైతే పదిహేనేళ్లుగా ఎవరూ ఎందుకు చెయ్యలేదనీ అడిగాడు. రెండు వ్యాసాలూ ఒకరి చేతిలోనే పడి ఉండవని అధికారి తడుముకోకుండా జవాబిచ్చాడు.

బెంచి అధ్యక్షురాలు కళ్లద్దాలు తీసింది. “ఆ రెండూ దగ్గర పెట్టుకుని, ఇదే సమస్యతో కుస్తీ పట్టినవాళ్లు మీ ఎరుకలో ఎవరూ లేరా?”

లేరంటే సరిపోయేది. అధికారి సర్ది ఉన్న కాగితాలనే ఇంకోసారి సర్దాడు.

“ఒకడున్నాడండి” అన్నాడు చివరికి.

ఆ మనిషి ఒక డిజైన్ కంపెనీలో తొమ్మిదేళ్లు ఇదే పని మీద ఉన్నాడని చెప్పాడు. రెండు వ్యాసాలూ అతని బల్ల మీదే ఉండేవట. అంచులు నలిగిపోయేదాకా చదివాడట. ఎంత తల బద్దలు కొట్టుకున్నా దారి దొరక్క, ఆ వృత్తికే దండం పెట్టి బయటికొచ్చేశాడట.

రాసుకుంటున్న బాబాయి కలం ఆగిపోయింది. అప్పీలు అక్కడితో గెలిచినట్టేనని ఆయనకు అర్థమైంది. అధికారికీ అర్థమయ్యే ఉంటుంది.

“అతన్ని సాక్ష్యానికి పిలిపించగలరా?” అడిగింది అధ్యక్షురాలు.

అధికారి ఇంజనీరు వైపు తిరిగాడు. ఇన్నాళ్లలో ఆమె ముఖంలోకి చూడటం అదే మొదలు.

“పిలవక్కర్లేదండి. ఇంత తేలికైంది నాకెందుకు తట్టలేదన్న ఉక్రోషంతోనే మీ దరఖాస్తు కొట్టేశానమ్మా.”