సగం తోక చేప

"ఇవాళ తేల్చందే నాను లేవను బాబూ," అంటూ దేముడమ్మ, గుమాస్తా జోగులు బల్ల ముందు కుర్చీలో కూర్చుంది.

ఎనిమిది నెలల కిందట ఆమె కొడుకు నూకన్న చిన్న డింగీ పడవ మీద సముద్రంలో వేటకెళ్లి తిరిగి రాలేదు. అప్పటినుంచీ ప్రతి సోమవారం అవతలి ఒడ్డున హోప్ టౌన్‌లో ఫెర్రీ ఎక్కి ఈ ఆఫీసుకొస్తోంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవాల వివరాలన్నీ ఇక్కడి కంప్యూటర్‌లో ఉంటాయి. పాతికకు అటూ ఇటూ వయసున్న మగవాళ్లను వెతికి, జోగులు ప్రతిసారీ లేడనే చెప్పేవాడు. ఐతే బతికే ఉన్నాడనుకుంటూ ఆమె వెళ్లిపోయేది. కోడల్ని బొట్టు తియ్యనివ్వలేదు.

ఈసారి కొత్త డేటాబేస్ వచ్చింది. పాతది గళ్ల పట్టిక. పేరుకో గడి, వయసుకో గడి, దొరికిన చోటుకో గడి. గడి లేని సంగతికి అందులో చోటు లేదు. కొత్తదాంట్లో మనిషికో కాగితం. డాక్టరు రాసింది రాసినట్టే ఉంటుంది, ఏ మాట పెట్టి వెతికినా దొరుకుతుంది. రెండింటికీ లంకె శవం నంబరు. ఇదంతా ఆమెకు తెలిసేలా చెప్పి, కొడుకు ఒంటిమీద గుర్తులేమైనా ఉన్నాయా అని అడిగాడు జోగులు.

"కుడి దండ మీద సేప పచ్చబొట్టు. తోక సగవే ఉంటాది. నొప్పెడతందని మజ్జిలో లేసొచ్చేసాడు."

జోగులు ఆ మాటలు కొట్టాడు. ఒకే ఒక్క కాగితం తెరుచుకుంది. కుడి దండపై చేప, తోక అసంపూర్తి. వయసు సుమారు 27. పదకొండు రోజులు మార్చురీలో ఉంచారు. ఎవరూ రాలేదని పాతిపెట్టేశారు.

అతని మొహం చూసి ఆమెకు అర్థమైపోయింది. ఏడవలేదు. కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"మరిన్నాళ్లూ లేడన్నావేటి బాబూ? ఆకరి సూపన్నా దక్కును కదా."

ఎవరో తప్పు ఎక్కించి ఉంటారని, ఆ మనిషెవరో ఇప్పుడే చూసి చెబుతానని జోగులు అదే నంబరుతో పాత పట్టిక తెరిచాడు. వయసు గడిలో 72 అని ఉంది.

వరస చివర, ఎక్కించినవారి గడిలో తన పేరే ఉంది.